చింతపండుతో తోమిన రాగి

మార్చి 31, 1984. శనివారం.

నేను పనిచేసే బ్యాటరీ ఫ్యాక్టరీ మూసేసినప్పటి నుంచీ నా చేతులు ఊరుకోవడం లేదు. నాగమణి హాస్పిటల్లో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటుంది. అడుగు చప్పుడైతే ఆమె నిద్ర పాడవుతుందని నేను ఇల్లు విడిచి తిరుగుతున్నాను. పెళ్ళాం నర్సు, మొగుడు కాపలా. ఈ పరాయి దేశపు ఐసెలిన్ ఊళ్ళో మనవాళ్ళు నోటితో అనరు, కళ్ళతో అంటారు. అననీ. మోషే కూడా మామగారి గొర్రెలు కాచినవాడే.

గరాజ్ సేల్‌లో ఒక డిటెక్టర్ కొన్నాను. పొడుగు కర్ర, కింద పళ్ళెం, చెవులకు హెడ్‌ఫోన్. నేలలో లోహం ఉంటే కూత పెడుతుంది. రేణు చూసి, "డాడీ, బీచ్‌లో ఓల్డ్ మెన్ తిప్పుతారు, అదేనా?" అంది. అదే. నేనూ ఓల్డ్ మ్యాన్‌నే కదా.

ఈ రోజు బ్రిన్లీ గారి పొలానికి వెళ్ళాను. మన తెలుగు సహవాసం కూడుకునే చర్చికి కూతవేటు దూరం. ఆ ముసలాయన ట్రాక్టర్ కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. యజమానిని అడగకుండా ఒకరి నేలలో అడుగు పెట్టకూడదు, అది నా నియమం. అడిగాను.

"తవ్వుకో. గుంటలు మాత్రం పూడ్చు. నా ఆవు కాలు విరిగిందంటే తర్వాత విరిగేది నీ కాలు."

"పూడుస్తానండీ."

"ఆ సీడార్ చెట్లు దాటి వాగు వైపు వెళ్ళకు. ఆ మూల మా నాన్న దున్నలేదు. వాళ్ళ నాన్నా దున్నలేదు."

"ఎందుకండీ?"

"మా నాన్నను నువ్వు చూడలేదు కాబట్టి అడుగుతున్నావు. చూసినవాళ్ళెవరూ అడగలేదు."

వెళ్ళనని మాట ఇచ్చాను.

పొలంలో దాగిన ధనం గురించి ప్రభువు చెప్పిన ఉపమానం దారంతా మనసులో తిరిగింది. ఆ మనిషి ధనం చూశాడు, మళ్ళీ మట్టిలోనే దాచాడు, పోయి ఉన్నదంతా అమ్మి పొలమే కొన్నాడు. మళ్ళీ ఎందుకు దాచాడు? ఆ భాగం మీద ఇంకా ధ్యానించాలి.

ఏప్రిల్ 7

పొలంలో సిగరెట్ రేకులు, తుపాకీ తూటాల అడుగు రేకులు, ట్రాక్టర్ సీల. ప్రభువు నన్ను పరీక్షిస్తున్నాడు.

అయినా పని శుద్ధంగా చేస్తున్నాను. తాపీతో గడ్డిని మూడు వైపులా కోసి, నాలుగో వైపు తలుపులా తెరుస్తాను. పక్కన తువ్వాలు పరిచి మట్టి దాని మీదే పోస్తాను. వెతకడం అయ్యాక మట్టి గుంటలో పోసి, తలుపు మూసి, కాలితో అదిమి, సీసాలో నీళ్ళు చల్లుతాను. వారం తిరిగేసరికి గడ్డి అతుక్కుపోతుంది. నేను తవ్విన చోటు నాకే దొరకదు. బ్రిన్లీ గారు వచ్చి చూసి, "మంగలి పని చేసినవాడివా ఏం?" అన్నాడు. అది ఆయన మెచ్చుకోలు.

ఇనుము ప్రాణం తీస్తోంది. ప్రతి అడుగుకూ ఒక తుప్పు ముక్క బొంగురుగా మూలుగుతుంది. మెషీన్‌కు ఒక మర ఉంది, తిప్పితే ఇనుము నోరు మూసుకుంటుంది, రాగి వెండి మాత్రమే పలుకుతాయి. తిప్పేశాను. గోధుమలూ గురుగులూ వేరు చేసినట్టు. దీని మీద ఆదివారం కూడికలో ఒక వర్తమానం చెప్పవచ్చు.

ఏప్రిల్ 14

సీడార్లు దాటలేదు. సీడార్ల నీడలోనే తవ్వాను. సాయంత్రం ఆ నీడ వాగు వైపు ఎంత దూరం సాగితే అంత దూరం.

రెండు రాగి నాణేలు. అర్ధరూపాయి కంటే పెద్దవి, ఈ దేశం వాళ్ళ పాతకాలపు సెంట్లు. పక్కపక్కనే, మధ్య నా బొటనవేలంత ఎడం, ఒకటే లోతు. పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. మోకాళ్ళ మీద అక్కడే స్తోత్రం చెప్పాను.

ఏప్రిల్ 16

మళ్ళీ రెండు. మళ్ళీ పక్కపక్కనే.

ఏప్రిల్ 22. పునరుత్థాన పండుగ.

మన సహవాసానికి చర్చి బేస్‌మెంట్ ఇచ్చింది మిసెస్ ఒడెస్సా టిల్‌మన్. పైన వాళ్ళ నల్లవాళ్ళ చర్చి, తాళాలు ఆవిడ నడుముకే ఉంటాయి. కింద మనం. మన పాటకు తాళం తప్పితే ఆవిడ పైనుంచి కాలితో నేల మీద తాళం వేస్తుంది. నన్ను రెవరెండ్ అని పిలుస్తుంది. నాకు అభిషేకం లేదు, సెమినరీ పట్టా లేదు, వాక్యం నేను బాయిలర్ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆవిడ పిలుపు సరిదిద్దాలని అనుకుంటూనే ఉన్నాను.

నిన్న నాణేలన్నీ నాగమణికి ఇచ్చాను. మా మేనత్త పంపిన చింతపండు నానబెట్టి, ఉప్పు వేసి, దేవుని గిన్నెలు తోమినట్టు తోమమన్నాను.

"ఏవండీ, దీని మీద గుడ్డ అంటుకున్నట్టుంది. నేత కనిపిస్తోంది చూడండి."

"మట్టి. తోమెయ్."

"ఇవి ఎవరివండీ?"

"దొరికినవాడివి."

ఆమె మళ్ళీ గిన్నె మీదకు వంగింది. తోమింది. బంగారంలా వచ్చాయి.

ఈ ఉదయం అవి పళ్ళెంలో పెట్టి చేతుల్లో తిప్పించాను. నాణెం పోగొట్టుకున్న స్త్రీ దీపం వెలిగించి ఇల్లు ఊడ్చిన కథ చెప్పాను. నేలలోని రాగికి దాన్ని తవ్వే మనిషి పుట్టక ముందే ఒక గడియ నిర్ణయమై ఉందని చెప్పాను. ప్రతిసారీ జతగా, పక్కపక్కనే దొరికాయని, నోవహు ఓడలోకి జీవులు జతలుగా వచ్చినట్టు నా చేతికి వచ్చాయని చెప్పాను. గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. సిస్టర్లు కళ్ళు తుడుచుకున్నారు. కొండల్ రావు బ్రదర్ మాత్రం బయట కారు దగ్గర, "మీరు సువార్త శాఖా, గనుల శాఖా?" అన్నాడు. కెమిస్టు, ఆయన నాలుకలో యాసిడ్ ఉంటుంది.

మిసెస్ టిల్‌మన్ మెట్ల మీద నిలబడి కాసేపు విన్నది. తెలుగు రాదు గనుక చిరునవ్వు నవ్వి, "ఈ రోజు నిప్పు కురిపించారు రెవరెండ్" అంది.

మే 12

ఇత్తడి గుండీలు. సన్నటి ఇత్తడి పిన్నులు. జత నాణేలు మళ్ళీ, వాటినీ నాగమణితో తోమించాను. అన్నీ బిస్కెట్ డబ్బాలో కలిపి పోస్తున్నాను, గలగలమంటుంటే చెవికి బాగుంది.

తవ్వుతుంటే తాపీకి తుప్పు పట్టిన పిడులు కూడా తగులుతున్నాయి, ట్రంకు పెట్టెలకు ఉండే రకం. చెత్త దొరికితే వదిలిపోకుండా మోసుకెళ్ళడం ఈ పని చేసేవాళ్ళ మర్యాద. నేను పాటిస్తాను. సంచిలో వేసుకొచ్చి మున్సిపాలిటీ బండికి ఇచ్చేశాను.

ఇన్ని పెట్టెలు ఆ మూల ఎందుకు పారేశారో.

జూన్ 3

బ్రిన్లీ గారు పోయారు. పొలం కొడుకులు బిల్డర్‌కు అమ్మేశారట. రెండంతస్తుల ఇళ్ళు కడతారు. ఇక నేను ఎవరికీ మాట తప్పినవాడిని కాను, మాట పుచ్చుకున్నవాడు లేడు గనుక.

పై వాక్యం చదివి కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

జూన్ 24. ఆదివారం.

ఈ రోజు పై చర్చిలో ఆరాధన అయ్యాక మిసెస్ టిల్‌మన్ మమ్మల్ని కూడా పైకి పిలిచింది. ఆవిడ పక్కన ఒక తెల్ల అమ్మాయి, ఎండకు మొహం కందిపోయి ఉంది. పేరు జోన్ లెవాండోస్కీ. యూనివర్సిటీలో పురావస్తు శాస్త్రం చెబుతుంది.

మిసెస్ టిల్‌మన్ చెప్పింది ఇది. బానిసతనం ఈ రాష్ట్రంలోనూ ఉండేది. ఆవిడ ముత్తవ్వ తరం వాళ్ళు బ్రిన్లీల పొలంలోనే పుట్టి అక్కడే పనిచేసి అక్కడే పోయారు. ఆమె అమ్మమ్మ ఎప్పుడూ ఒకటే మాట అనేదట, "మనవాళ్ళు సీడార్ల అవతల ఉన్నారు." రాళ్ళు లేవు. కొయ్య శిలువలు పాతారు, అవి కుళ్ళిపోయాయి. పోయినవాళ్ళ పేర్లు రాసిన చర్చి పుస్తకం పాత అగ్ని ప్రమాదంలో పోయింది. అక్కడ సమాధులున్నాయని ఏదో ఒక రుజువు చూపిస్తే టౌన్‌షిప్ బోర్డు బిల్డర్‌ను ఆపి, ఆ మూల తవ్వి చూడమని ఆజ్ఞ ఇస్తుంది. లేకపోతే బుల్‌డోజర్లు వస్తాయి.

జోన్ లేచి చెప్పింది: చలికాలంలో గడ్డకట్టిన నేల, లోతుగా తవ్వి ఉండరు. అది వాగు వైపు వాలు, ఇన్నేళ్ళ వానలకు పై మన్ను కొట్టుకుపోయింది. పుల్లటి మట్టి, ఎముకలు కూడా మిగిలి ఉండవు. మిగిలింది మోకాలి లోతులోపే ఉంటుంది. బుల్‌డోజర్ పై మట్టి గీస్తే అంతా ఒక్క పూటలో పోతుంది.

నేను తల వంచుకుని ఉన్నాను. ప్రార్థిస్తున్నాననుకున్నారు.

జూన్ 28. గురువారం.

జోన్ ఇంటికి వచ్చింది. బ్రిన్లీ గారి కొడుకు చెప్పాడట, మెషీన్ పట్టుకుని ఒక ఇండియన్ తిరిగేవాడని. మిసెస్ టిల్‌మన్ కూడా వచ్చింది, "రెవరెండ్ సంగతి నాకు తెలుసు, ఏమైనా చూసి ఉంటే చెప్తారు" అంటూ. నాగమణి టీ పెట్టింది. డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాను. దాచలేదు. అది రాసి పెట్టుకుంటున్నాను, దాచలేదు.

జోన్ ఒక నాణెం తీసి వెలుగులో తిప్పి చూసింది. ఇంకొకటి తీసి అదీ చూసింది.

"వీటిని ఎవరు కడిగారు?"

"నేనమ్మా," అంది నాగమణి. "చింతపండుతో."

"పైన ఏమైనా ఉండేదా? చిలుము మీద గుడ్డ నేతలాంటి గుర్తు?"

నాగమణి నా వైపు చూసింది.

"మట్టి ఉండేది," అన్నాను.

అప్పుడు ఆ అమ్మాయి మీద నాకు కోపం వచ్చింది. మీరు తవ్వితే శాస్త్రం, నేను తవ్వితే దొంగతనమా అన్నాను. మీరు తీసినవి మ్యూజియం సొరుగుల్లో చీకట్లో పడి ఉంటాయి, నేను తీసినవి దేవుని ప్రజలు చేతిలో పట్టుకుని స్తుతించారు అన్నాను. యజమాని ఇచ్చిన తలాంతు సొమ్ము మట్టిలో పాతిపెట్టిన దాసుడికి ఏ తీర్పు వచ్చిందో తెలుసా అన్నాను. ఆ వాక్యం నోట ఉంటే నాకు ఎదురు లేదు.

ఆమె అంతా విని, "నాకు వస్తువు వద్దు సర్. మీరే ఉంచుకోండి. అది ఉన్న చోటు కావాలి," అంది. "ఎక్కడ దొరికాయి? ఒక్కొక్కటిగానా, జతగానా?"

"ఎందుకు?"

"చనిపోయినవాళ్ళ కళ్ళు తెరుచుకోకుండా రెప్పల మీద నాణేలు పెట్టేవాళ్ళు. రెండు నాణేలు పక్కపక్కన, ఒకే లోతులో దొరికితే అక్కడ ఒక మనిషి మొహం ఉన్నట్టు."

మిసెస్ టిల్‌మన్ కప్పు కింద పెట్టింది.

"ఒక్కొక్కటిగా," అన్నాను. "పొలమంతా చెదిరి."

"సీడార్ల అవతల?"

"అటు వెళ్ళనని మాట ఇచ్చాను."

"మేకులు? శవపేటిక కుళ్ళినా మేకులు వరసగా ఉంటాయి. మీ మెషీన్ మూలిగి ఉండాలి."

"ఇనుము వినపడకుండా మర తిప్పాను."

చివరి మూడు ప్రశ్నలకు రెండు అబద్ధాలు. ప్రభువును మూడుసార్లు ఎరగనన్న పేతురు కంటే ఒకటి తక్కువ.

మిసెస్ టిల్‌మన్ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "శ్రమ ఇచ్చాం, క్షమించండి రెవరెండ్" అంది.

జూన్ 29

మా అమ్మ పోయినప్పుడు నుదుట అంటించిన రూపాయి బిళ్ళ. పాస్టరు అయ్యగారు అన్యాచారమని తీయించారు. నాన్న తీసి జేబులో వేసుకున్నాడు. ఆ నుదుటి మీద గుండ్రంగా పసుపు మిగిలింది.

నాకు తెలియదని ఎలా అనగలను.

జూలై 1

వాక్యం చెప్పలేదు. పాటలు మాత్రం పాడించాను.

కూడిక అయ్యాక మనవాళ్ళందరూ నా చుట్టూ చేరారు. ఈస్టర్ నాడు జతలు అని నేను అరిచి చెప్పినప్పుడు విన్న ప్రతి చెవీ అక్కడే ఉంది. కొండల్ రావు బ్రదర్ గొంతు తగ్గించి, "మీరేం బెంగపడకండి. మేమెవరం నోరు విప్పం. వాళ్ళకు తెలుగు రాదు కదా," అన్నాడు. వ్యంగ్యం లేదు. నిజంగా ప్రేమతోనే అన్నాడు. మిసెస్ టిల్‌మన్ ఇచ్చిన గదిలో, ఆవిడ కాళ్ళ కింద నిలబడి నిజం గొంతెత్తి చెప్పాను, ఆవిడకు అర్థం కాని భాషలో.

కారులో రేణు వెనక సీట్లో నుంచి, "డాడీ, పెయిర్స్ అని చెప్పావు కదా ఈస్టర్‌కి."

"నీకు తెలియదు. ఊరుకో."

"నాకు అంత తెలుగు తెలుసు డాడీ."

జూలై 9

మన మాల పల్లె సమాధుల మీదుగా కాలవ కట్ట వేసినప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. రాళ్ళు పెట్టుకోనివ్వలేదు గనుక సమాధులున్నట్టు లెక్క లేదు. నాన్న ఓవర్సీర్ కాళ్ళు పట్టుకుని, "బాబూ, ఇక్కడున్నారు, ఇదిగో ఇక్కడే" అని చేత్తో నేల చూపించాడు. ఓవర్సీర్ అడిగిన మాట ఒకటే: "రుజువు?"

ఆ మాట మీద నేను ఎన్ని వర్తమానాలు చెప్పాను.

జూలై 21

వెళ్ళాను. ఏం చేయాలో ఉపమానంలోనే ఉంది, చూసినవాడు మళ్ళీ దాచాడు. నాణేలు తీసిన చోటనే పాతేద్దామని డబ్బా పట్టుకుని సీడార్లు దాటాను. మొదటిసారి, దాటుతున్నానని తెలిసి దాటాను.

ఒక్క గుంట కూడా దొరకలేదు. మోకాళ్ళ మీద పాకుతూ గడ్డి వేళ్ళతో విడదీసి చూశాను. ఎక్కడా అతుకు లేదు. బ్రిన్లీ గారు మెచ్చుకున్న పని.

అప్పుడు మెషీన్ పెట్టి మర పూర్తిగా వెనక్కి తిప్పాను.

వాలు మొత్తం మూలిగింది. ఇటు అడుగు వేస్తే మూలుగు, అటు వేస్తే మూలుగు, కాస్త ఆగి మళ్ళీ. పొడుగ్గా ఇటు ఒక వరస, అటు ఒక వరస. అన్న చంపిన హేబెలు ఒక్కడే, ఒక్కడి రక్తమే నేలలోంచి అరిచింది. ఇక్కడ ఇంతమంది అరుస్తుంటే నేను మర తిప్పి రాగి వింటూ పాటలు పాడుకున్నాను.

హెడ్‌ఫోన్ తీశాక కూడా వినపడింది. పిట్టలేమో.

డబ్బా తిరిగి తెచ్చాను.

ఆగస్టు 5

రేణు నాతో మాట్లాడటం లేదు. నాగమణి మాట్లాడుతుంది, కూరలో ఉప్పు సరిపోయిందా అని.

ఆగస్టు 18

జోన్‌కు ఫోన్ చేద్దామని నంబర్ తిప్పాను. ఆమె హలో అంది. పెట్టేశాను.

ఆగస్టు 19

ఇప్పుడు చెప్పినా ప్రయోజనం ఏమిటి? ఇంకో రుజువు దొరకవచ్చు. ప్రభువు రాళ్ళ చేతనైనా పలికించగలడు, నేనొక్కడినే గతి కాదు. ఎదురుచూడటం కూడా విశ్వాసమే.

సెప్టెంబరు 9

ఇంకో రుజువు దొరకలేదు. మిసెస్ టిల్‌మన్ మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. బోర్డు విచారణ బుధవారం అని, బస్సు మాట్లాడామని, మా వాళ్ళను కూడా రమ్మని అడిగింది.

"మా ముత్తవ్వ పేరు ఫీబీ," అంది. "పేరు ఒక్కటే తెలుసు. ఆ చోటికి వెళ్ళి ఒక్కసారి పేరు పెట్టి పిలవాలని మా అమ్మకు ఉండేది."

చెప్పేశాను. అక్కడే. సీడార్లు దాటానని, జతలని, నేత గుర్తు ఉండేదని. వంకరటింకర ఇంగ్లీషులో. చెప్పాక భారం దిగుతుందని ఇన్నేళ్ళూ జనానికి నేనే బోధించాను. దిగలేదు.

ఆవిడ చాలాసేపు తాళాల గుత్తి చూసుకుంది.

"బుధవారం ఇదే మాట అక్కడ చెప్తారా?"

"చెప్తాను."

"అయితే ఇస్త్రీ చొక్కా వేసుకు రండి," అంది.

సెప్టెంబరు 12. బుధవారం.

టౌన్‌షిప్ హాలు నిండిపోయింది. జోన్ మ్యాపు గోడకు తగిలించింది. నన్ను పిలిచారు. చెప్పాను. ప్రసంగం చెయ్యకుండా చెప్పాను, ఒక్క వచనం కూడా ఎత్తలేదు. జత నాణేలు, ఎడం, లోతు, నేత, పిడులు, మేకుల వరస. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. ఆ క్షణాన్ని ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

బిల్డర్ లాయరు లేచాడు. మర్యాదస్తుడు. నాకు మంచినీళ్ళు ఇప్పించాడు.

"డాక్టర్ లెవాండోస్కీ రిపోర్టులో ఉంది, జూన్‌లో పొలమంతా చెదిరి, ఒక్కొక్కటిగా అని ఆమెతో చెప్పారు. ఈ రోజు జతలు, ఒకే మూల. ఏ రోజు అబద్ధం చెప్పారు?"

"ఆ రోజు."

"ఆ మూలకు వెళ్ళడానికి యజమాని అనుమతి ఉందా?"

"లేదు."

"మిమ్మల్ని రెవరెండ్ అంటున్నారు. ఏ చర్చి అభిషేకించింది?"

"ఏ చర్చీ కాదు."

వెనక బెంచీలో మిసెస్ టిల్‌మన్ ఉంది. నేను తిరిగి చూడలేదు.

"సరే. ఈ మ్యాపు మీద ఒక్క గుంట చూపించండి. ఒక్కటి చాలు. అది తవ్వి చూడటానికి మా క్లయింటుకు అభ్యంతరం లేదు."

మ్యాపు దగ్గరికి వెళ్ళాను. వేలు ఎత్తాను. సీడార్లు ఉన్నాయి, వాగు ఉంది, మధ్యలో తెల్ల కాగితం. వేలు ఎక్కడ పెట్టినా అది ఇంకో అబద్ధం. వేలు గాల్లోనే ఉంచి నిలబడ్డాను. నాన్న కనీసం ఇదిగో ఇక్కడే అని నేల చూపించాడు.

"గుంటలు శుభ్రంగా పూడ్చాను," అన్నాను.

ఎవరో నవ్వారు. ఎగతాళిగా కాదు, పాపం అన్నట్టు.

జోన్ లేచి మేకుల వరసైనా యంత్రంతో కొలవనివ్వండి అని అడిగింది. పొలంలో ఇనుము ఉండటం వింత కాదు, కంచెలు కట్టినా మేకులు వరసగానే ఉంటాయి అన్నాడు లాయరు. నాణేల మీద నేత గుర్తు ఏది అన్నాడు. ఒక నాణెం చైర్మన్ చేతికి వెళ్ళింది. ఆయన అటూ ఇటూ తిప్పి, "కొత్తదానిలా ఉందే," అన్నాడు.

చేతులెత్తి ఓటు వేశారు. ఇళ్ళు కట్టుకోవచ్చు.

బయట జోన్ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందని నిలబడ్డాను. "జూన్‌లో ఇదే మాట చెప్పి ఉంటే," అంది, ఆగిపోయింది, కారు ఎక్కి వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 13

సత్యం మిమ్మల్ని విడుదల చేస్తుందని మనవాళ్ళ ముందు ఎన్నిసార్లు బల్ల గుద్దాను. ఎప్పుడు చెప్పిన సత్యం అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అక్టోబరు 8

పసుపు బండ్లు వచ్చాయి. మిసెస్ టిల్‌మన్, వాళ్ళ చర్చి ముసలివాళ్ళు రోడ్డు అంచున టోపీలు తీసి నిలబడ్డారు. నేను కొంచెం ఎడంగా నిలబడ్డాను. సీడార్లు ముందు పడ్డాయి. తర్వాత పై మట్టి గీశారు, పూరీ పిండి ఒత్తినట్టు ఒక్క చదునుగా. ఆ మట్టి ట్రక్కుల్లో ఎక్కించి ఎక్కడికో పంపారు. ఎవరి లాన్‌లోకో.

మిసెస్ టిల్‌మన్ ఒక పేరు పిలిచింది. ఇంజను చప్పుడులో ఆవిడ పెదవులు మాత్రం కనిపించాయి.

అక్టోబరు 14

బేస్‌మెంట్ ఖాళీ చేయమంటుందని, సామాను సర్దడానికి పెట్టెలు పట్టుకుని వెళ్ళాను. తలుపు తీసే ఉంది. హీటర్ వేసి ఉంది. కుర్చీలు వేసి ఉన్నాయి.

వర్తమానం కొండల్ రావు బ్రదర్‌ను చెప్పమన్నాను. ఆకాను కథ తీశాడు, దోచిన బంగారం డేరా కింద పాతిపెట్టినవాడి కథ. మొదలుపెట్టాక నా మొహం చూసి గతుక్కుమని వేరే అధ్యాయానికి పోయాడు. చెప్పనివ్వాల్సింది. ఆకాను దోచినది కనీసం డేరా కింద చూపించగలిగాడు.

అక్టోబరు 28

కూడిక అయ్యాక మిసెస్ టిల్‌మన్ కిందికి వచ్చింది. నన్ను రెవరెండ్ అనలేదు. "మిస్టర్ దేవసహాయం," అంది. నా పేరు ఆవిడకు మొదటినుంచీ తెలుసన్నమాట.

"చర్చి పెరట్లో చిన్న గొయ్యి తవ్వించాం. రాయి కూడా చెప్పాం. లోపల పెట్టడానికి మా దగ్గర ఏమీ లేదు. మీ డబ్బాలోంచి ఒక జత ఇవ్వండి."

"అన్నీ తీసుకోండి. అన్నీ మీవే."

"అన్నీ తర్వాత. ముందు ఒక్క జత. ఒక్క మనిషి కళ్ళు. ఫీబీవి కాకపోవచ్చు, ఎవరివైనా ఫర్వాలేదు. కానీ రెండూ ఒకరివే కావాలి. ఒకరి కన్ను, ఇంకొకరి కన్ను కలిపి పాతలేను."

డబ్బా మూత తీశాను. ఆవిడ చూసింది, నేను చూశాను. నాగమణి తోమిన రాగి మెరుస్తోంది.

"చూసి ఇస్తాను," అన్నాను.

"తొందర లేదు," అంది ఆవిడ. "వాళ్ళకైతే అసలే లేదు."

నవంబరు 4

సంవత్సరాలు చూసి కలపబోయాను. పులుపుకు అంకెలు అరిగాయి. కనిపించినవి కలవలేదు. ఒకే ఏడాదివి పెట్టాలని ఎవరికి ఉంటుంది, చేతికి అందినవి పెట్టి ఉంటారు.

నవంబరు 7

బరువు చూశాను. అరుగుదల చూశాను. అంచుల నొక్కులు చూశాను. నాగమణి వచ్చి పక్కన కూర్చుంది. తోముతూ చేతిలో పట్టుకున్నప్పుడు ఏది దేనితో ఉందో ఆమెకైనా గుర్తుందేమోనని అడిగాను.

"అన్నీ ఒకే గిన్నెలో నానబెట్టానండీ," అంది.

నవంబరు 18

మిసెస్ టిల్‌మన్ అడగలేదు. మెట్ల మీద కనిపించి తల ఊపి వెళ్ళింది. పెరట్లో గొయ్యి మీద రేకు కప్పి, ఎగిరిపోకుండా పైన ఇటుక పెట్టారు.

నవంబరు 22. థ్యాంక్స్‌గివింగ్.

నాణేలు పరిచిన భోజనాల బల్ల ఖాళీ చేయమని నాగమణి అనలేదు. ముగ్గురం వంటింట్లో నిలబడి తిన్నాం. తర్వాత రేణు వచ్చి నా ఎదుట కూర్చుంది. ఇన్ని నెలల తర్వాత. ఒక నాణెం తీసి ఇంకొక దాని పక్కన పెట్టింది, మధ్య బొటనవేలంత ఎడం వదిలి. ఇద్దరం చూశాం.

"నో," అంది. వెనక్కి తీసేసింది.

డిసెంబరు 2

ఈ రోజు కూడా ఒక్క జత కుదరలేదు.